సవరణ: డబ్లిన్ క్రైస్ట్ చర్చ్ నేలమాళిగకు డబ్బు ఎవరిది?

డబ్లిన్‌లోని క్రైస్ట్ చర్చ్ కెథడ్రల్ నేలమాళిగను విస్కీ వ్యాపారి హెన్రీ రో సొమ్ముతో బాగు చేసి సందర్శకులకు తెరిచారని ముందటి పోస్టులో ఉంది. అందులో రెండు వేరువేరు పనులు కలిసిపోయాయి.

రో ఇచ్చిన సుమారు 2,30,000 పౌండ్లు పైనున్న చర్చికి. 1871 నుంచి 1878 వరకు వాస్తుశిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ దాన్ని చాలావరకు కొత్తగా కట్టేశాడు. ఎంతగా అంటే, ఇప్పుడు పైన కనిపించేదాంట్లో ఏది పాతదో, ఏది ఆయనదో చెప్పడం కష్టం. కింద 12వ శతాబ్దపు నేలమాళిగ మాత్రం నిలిచింది. పై చర్చి తూర్పు భాగాన్ని స్ట్రీట్ ఈ నేలమాళిగ పునాది గీతల మీదే లేపాడు. నేలమాళిగ పొడవు సుమారు 63 మీటర్లు, బరువైన మొరటు రాతి స్తంభాలు.

నేలమాళిగను బాగు చేసి ప్రదర్శనశాలగా మలచింది 2000 ప్రాంతంలో, అంటే రో కాలానికి వందేళ్ల పైమాటే. ఇంగ్లండ్ రాజు మూడవ విలియం 1697లో ఇచ్చిన వెండి పాత్రలు అక్కడే ఉన్నాయి. చర్చిలో వాయించే ఆర్గన్ అనే వాద్యం గొట్టంలో ఇరుక్కుని ఎండిపోయాయంటున్న పిల్లి, ఎలుక కూడా అద్దాల పెట్టెలో ఉన్నాయి. నిజం చెప్పాలంటే జనం ముందు వెళ్లేది వెండి దగ్గరకు కాదు, వీటి దగ్గరకే! చూడాలంటే కెథడ్రల్ టికెట్ కొనాలి.

ఇంకొకటి: బీరు వ్యాపారి బెంజమిన్ గిన్నెస్ 1860లలో బాగు చేయించింది అదే ఊళ్లోని సెయింట్ ప్యాట్రిక్ కెథడ్రల్‌ను, దీన్ని కాదు.