ఆ ‘ఏడు సూత్రాల’ మెసేజ్ ఇంకెవరూ పంపకండి

బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మన తెలుగు వ్యాపార గ్రూపులన్నింటిలోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "స్కిన్‌కేర్ బ్రాండ్ పెడుతున్నారా? సరుకు చేసిపెట్టే ఫ్యాక్టరీని ఎంచుకోవడానికి ఏడు సూత్రాలు" అట. చివర రాకెట్ బొమ్మ కూడా. "అన్నా, మీ లైనే కదా, ఓసారి చూడండి" అంటూ ఇప్పటికి పదకొండు మంది పంపారు. చూశాను. ఏడింటిలో ఒకటి నిజం, రెండు పనికిమాలినవి, మిగతా నాలుగూ జనం ముఖాల మీద ప్రయోగాలు.

"ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉంటే ఫ్యాక్టరీ చూడక్కర్లేదు." కాస్మెటిక్స్ తయారీ పద్ధతులు బాగున్నాయని ఇచ్చే ఐఎస్ఓ 22716 మంచిదే. కానీ ఆ కాగితం మీద చిరునామా, స్కోప్ (ఏయే పనులకు వర్తిస్తుందో), గడువు తేదీ ఉంటాయి. అవి చదివే ఓపిక కావాలి. అంతకన్నా ముందు అడగాల్సింది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ శాఖ ఇచ్చే కాస్మెటిక్స్ తయారీ లైసెన్సు, సీఓఎస్-8. ఐఎస్ఓ లేకపోయినా క్రీము చెయ్యొచ్చు, ఈ లైసెన్సు లేకుండా చెయ్యకూడదు. అందులో మీ రకం సరుకు ఉందా, లైసెన్సు నిలుపుకోవడానికి ఐదేళ్ళకోసారి కట్టే రిటెన్షన్ ఫీజు కట్టారా చూడండి. కొందరు 25-డి ఆయుర్వేద లైసెన్సు చూపించి నయాసినమైడ్ (విటమిన్ బి3) సీరమ్ చేసిపెడతామంటారు. ఆ లైసెన్సు దానికి చెల్లదు.

"యూఎస్ ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ ఫ్యాక్టరీనే ఎంచుకోండి." అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కాస్మెటిక్స్ ఫ్యాక్టరీలను అప్రూవ్ చెయ్యదు, నమోదు మాత్రమే చేసుకుంటుంది. ముందుకు పోదాం.

"శాంపిల్ నచ్చితే ఆర్డర్ ఇచ్చేయండి." శాంపిల్ చేసింది అరకిలో బీకరులో. అది నిమిషాల్లో చల్లారుతుంది. ఫ్యాక్టరీలో క్రీము కలిపే 200 కిలోల పెద్ద పాత్ర, అంటే కెటిల్, చల్లారడానికి గంటకు పైనే పడుతుంది, కలిపే తీరూ వేరు. ఈలోగా క్రీము విడిపోవచ్చు, గింజలు తేలొచ్చు. ఇక బెంగళూరు చల్లదనంలో నాలుగు రోజులు బాగున్న డబ్బా, మే నెలలో విజయవాడ గోడౌన్లో బాగుంటుందని ఎవరు చెప్పారు? మీరు అమ్మబోయే డబ్బాలోనే, 40 డిగ్రీలు, 75 శాతం తేమలో మూడు నెలలు పెట్టి చూడాలి.

"ప్రతి బ్యాచ్‌కీ ఫ్యాక్టరీ సీఓఏ ఇస్తుంది, మళ్ళీ ల్యాబ్‌కు పంపడం డబ్బు దండగ." సీఓఏ అంటే బ్యాచ్‌ను పరీక్షించామంటూ ఇచ్చే ఫలితాల కాగితం. ఇదిగో, అసలు కొంప ముంచేది ఇది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఫస్టు క్లాసు రాక ఏమవుతుంది?

ఒక సీఓఏ ముందు పెట్టుకోండి. తయారీ తేదీ 12, సంతకం తేదీ 13. కింద "యీస్ట్, బూజు: గ్రాముకు 10 కన్నా తక్కువ". సూక్ష్మజీవులను పెంచి లెక్కపెట్టడానికి బ్యాక్టీరియా ప్లేటు ఇంక్యుబేటర్లో మూడు రోజులుండాలి, బూజు ప్లేటు మూడు నుంచి ఐదు. మరి 13వ తేదీకల్లా ఆ అంకె ఏ పంచాంగం చూసి వేశారు? వరుసగా మూడు బ్యాచ్‌ల సీఓఏలు పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ పీహెచ్ 5.62, చిక్కదనం 24,500 సెంటీపాయిజే అయితే చూసి రాసింది కాదు, కాపీ కొట్టింది. అంత కచ్చితంగా ఇంట్లో ఇడ్లీలే రావు.

శాంపిల్ ఎక్కడ తీశారో అడగండి. కెటిల్లోంచే తీశామంటే చాలదు. ఆ తర్వాత ట్యూబుల్లో నింపే ఫిల్లింగ్ మెషీన్ తొట్టిలో (హాపర్), పైపులో, నాజిల్లో, మూత సరిగ్గా పడని డ్రమ్ములో రెండు రోజులు నిలవున్నప్పుడు చేరేవి ఆ శాంపిల్లో కనపడవు. ఫిల్లింగ్ మొదట్లో, మధ్యలో, చివర్లో నింపిన ట్యూబులు తీసి, మీరే సీలు వేసి, మీరే ల్యాబ్‌కు పంపండి. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ ముద్ర ఉందంటే సరిపోదు, మీరడిగే పరీక్ష దాని స్కోప్‌లో ఉండాలి. స్కిన్ క్రీములకున్న భారత ప్రమాణం ఐఎస్ 6608 ప్రకారం గ్రాముకు 1000 సూక్ష్మజీవుల లోపు, సీసం లెక్కన భారలోహాలు 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. తెల్లబరిచే క్రీమైతే పాదరసం పరీక్ష మానొద్దు. తెలియకుండా కలిసినా 1 పీపీఎం మించకూడదు, ఎందుకంటే అది మూత్రపిండాలను తినేస్తుంది.

నీళ్ళ సంగతి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు! లోషన్లో సింహభాగం నీళ్ళే. పీణ్యలోనో జిగణిలోనో ఉన్న ఫ్యాక్టరీలో బోరు ఎండి ట్యాంకరు తెప్పించిన రోజున ఆర్వోకు వెళ్ళే నీళ్ళు మారిపోతాయి. నీటి లాగ్‌బుక్ తెరిచి సోమవారాలు వెతకండి. ఆదివారమంతా పైపులో కదలకుండా నిలిచిన నీళ్ళలోనే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. లాగ్‌బుక్‌లో సోమవారాలే లేకపోయినా, నెల మొత్తం ఒకే పెన్నుతో ఒకే దస్తూరీలో ఉన్నా మీకు జవాబు దొరికినట్టే. తర్వాత ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని సీసాలు దాచిపెట్టే రిటెన్షన్ అల్మారాలోంచి వాళ్ళు చూపించింది కాకుండా మీకు నచ్చిన సీసా ఒకటి తీసి, ఆ బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి నడవండి. గ్లిజరిన్ ఏ డ్రమ్ములోది, ఎవరు తూచారు, ఆ పొద్దున ఆ కాటాను తూకంరాళ్ళతో సరిచూశారా? స్టోరు కార్డులో తగ్గిన గ్లిజరిన్, బ్యాచ్ రికార్డులో పడ్డ గ్లిజరిన్ లెక్క కలవాలి.

"నేచురల్ సరుక్కి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, విటమిన్-ఇ చాలు." విటమిన్-ఇ నూనెను ముక్కిపోనివ్వదు, అంతే. బ్యాక్టీరియాను అది పట్టించుకోదు. ఆవకాయ పూర్తిగా నేచురలే కదా, తడి గరిటె పెట్టి చూడండి. అంత ఉప్పు, ఆవపిండి, నూనె ఉన్న జాడీకే దిక్కులేనప్పుడు, కలబంద రసం కలిపిన జెల్ ఏ దేవుడి మీద భారం వేసి నిలుస్తుందో! ప్రిజర్వేటివ్ పనిచేస్తుందో లేదో తేల్చే ఐఎస్ఓ 11930 ఛాలెంజ్ టెస్ట్ రిపోర్టు అడగండి. ఐదు రకాల సూక్ష్మజీవులను కావాలని కలిపి 28 రోజులు చూస్తారు. రిపోర్టు లేదంటే లేచి వచ్చేయండి.

"లేబుల్ మీద మీ బ్రాండ్ పేరు చాలు." చాలదు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఉండి తీరాలి. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ తెరిస్తే అయిదు నిమిషాల పని.

ఇక ఏడోది: "కొత్త బ్రాండ్‌కు పెద్ద ఫ్యాక్టరీ కన్నా చిన్నదే మేలు." ఒప్పుకోవాల్సిందే, ఇది రాసినవాడికి పని తెలుసు. 500 కిలోల కెటిల్లో మీ 50 కిలోలు వేస్తే క్రీమును చిలికే హోమోజెనైజర్ తల సరిగ్గా మునగదు, గాలి పీల్చి క్రీమంతా నురగవుతుంది. పైగా పెద్దవాళ్ళ ఆర్డర్ల మధ్య ఇంకా నింపని మీ క్రీము డ్రమ్ముల్లో ఎదురుచూస్తూ కూచుంటుంది. రేటు మాట్లాడే ముందు, వాళ్ళ అతి చిన్న కెటిల్లో కనీసం ఎన్ని కిలోలు కలపగలరో అడగండి.