గేమ్ టెక్స్చర్ నిమిషంలో డీఎక్స్ఎఫ్ అవుతుందా?

అమీర్‌పేటలో క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం) నేర్చుకునే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "గేమ్ ఫోల్డర్‌లోంచి టెక్స్చర్ తీసి ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేయండి. నిమిషంలో డీడీఎస్ కాస్తా డీఎక్స్ఎఫ్ అయిపోతుంది. క్వాలిటీ తగ్గదు, కొలతలు పక్కా, నేరుగా లేజర్ కటింగ్‌కు ఇచ్చేయొచ్చు." టెక్స్చర్ అంటే గేమ్‌లో గోడలకూ వస్తువులకూ అతికించే బొమ్మ. ఈ మెసేజ్ నమ్మి మొన్న ఒక కుర్రాడు గేమ్‌లోని జాలీ డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బాలానగర్‌లో ఒక కటింగ్ షాపుకెళ్లాడు. ఆపరేటర్ ఫైల్ తెరిచి, "తమ్ముడూ, ఇందులో కోయడానికి గీతే లేదు" అన్నాడట. ఆ ఫైల్ నా దగ్గరికొచ్చింది.

"డీఎక్స్ఎఫ్ అయిపోతుంది" అన్న దగ్గరే తిరకాసు ఉంది. డీడీఎస్ అనేది విండోస్‌లో గేమ్‌లు నడిపే డైరెక్ట్‌ఎక్స్ 7తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన బొమ్మల ఫైల్. అందులో ఉండేవి రంగు చుక్కలు. డీఎక్స్ఎఫ్ 1982లో ఆటోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చింది. గీత ఇక్కడ మొదలై అక్కడ ఆగింది, వృత్తం కేంద్రం ఇది, వ్యాసార్థం ఇంత అనే లెక్కలు అందులో ఉంటాయి. చుక్కల్ని చూసి ఆ లెక్కల్ని ఎవరో ఒకరు ఊహించాలి. కొన్ని కన్వర్టర్లు ఆ కష్టం కూడా పడవు. డీఎక్స్ఎఫ్‌లో బొమ్మ ఫైల్ పేరు, అదెక్కడుందో దారి మాత్రం రాసి ఊరుకుంటాయి. మన కుర్రాడిది సరిగ్గా అదే. బొమ్మ ఇంట్లో కంప్యూటర్‌లో ఉండిపోయింది, షాపులో ఖాళీ చట్రం తెరుచుకుంది.

నిజంగా ట్రేస్ చేసే కన్వర్టర్లు, అంటే రంగుల అంచుల వెంట గీతలు గీసేవి, ఇంకో తమాషా చేస్తాయి. మన కంటికి ఒక్క గీత కనిపించేది వాటికి నాలుగైదు చుక్కల వెడల్పున్న పట్టీ. పట్టీకి అటూ ఇటూ అంచులుంటాయి కాబట్టి ఒక గీతకు రెండు గీతలొస్తాయి, లేజర్ రెండింటినీ కోస్తుంది. టెక్స్చర్‌లో వేసిన నీడ కూడా రంగే, దాని చుట్టూ కూడా గీత పడుతుంది.

"క్వాలిటీ తగ్గదు" అట. అది మన చేతికి రాకముందే తగ్గింది! టెక్స్చర్ సైజు కుదించడానికి ఎక్కువగా వాడే బీసీ1 పద్ధతిలో 4×4 చుక్కల గడికి 8 బైట్లే. 16 చుక్కలకూ కలిపి రెండు రంగులు దాస్తారు, మధ్యలో ఇంకో రెండు లెక్కగట్టుకుంటారు. గేమ్‌లో అది కంటికి ఆనదు. ట్రేస్ చేస్తే మాత్రం వంపులన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి.

కొలతల సంగతి మరీ అన్యాయం. 1024 చుక్కల వెడల్పు బొమ్మ మూడు మీటర్ల గోడ కావచ్చు, జానెడు పలక కావచ్చు. ఎంత సాగదీసి అతికించాలన్నది త్రీడీ మోడల్‌లో ఉంటుంది, టెక్స్చర్‌లో ఉండదు. చతురస్రపు టెక్స్చర్‌ను రెండింతల వెడల్పు గోడకు అతికించి ఉంటే, గేమ్‌లో గుండ్రంగా కనిపించిన పువ్వు మన ఫైల్‌లో కోడిగుడ్డులా ఉంటుంది. దీనికి తోడు యూనిట్లు మిల్లీమీటర్లకు బదులు అంగుళాలని పడితే సైజు 25.4 రెట్లు మారిపోతుంది.

మెసేజ్‌లో అంతా అబద్ధమేనా అంటే, కాదు. ఆకులు, కటకటాలు, జాలీలు లాంటి టెక్స్చర్లలో ఆల్ఫా ఛానెల్ ఉంటుంది. ఎక్కడ కనిపించాలి, ఎక్కడ ఖాళీ అన్నది అందులో దాదాపు తెలుపు నలుపుల్లో ఉంటుంది. బొమ్మల్ని దిద్దే గింప్‌లో తెరిచి ఆ ఒక్క ఛానెల్‌నే విడదీసి, గీతల బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేస్తే పనికొచ్చే అంచులొస్తాయి. ఆ తర్వాత తెలిసిన ఒక కొలత పెట్టి స్కేల్ చేయాలి. అప్పుడు కూడా నేరుగా మిషన్‌కు ఇవ్వకండి. జాలీ మధ్యలో దేనికీ అంటుకోని ముక్కలుంటే కోయగానే రాలిపోతాయి, వాటికి చిన్న వంతెనలు గీయాలి. అన్నట్టు, గేమ్ బొమ్మ మీద హక్కు సాధారణంగా దాన్ని గీయించుకున్న వాళ్లదే. ఇంట్లో సాధనకు సరేగానీ గేటు చేసి అమ్ముతానంటే 1957 కాపీరైట్ చట్టం ఉంది.

ఆ కుర్రాడి జాలీ ఆరు రేకుల పువ్వు. టెక్స్చర్‌ను కింద పరిచి ఒక్క రేకు గీసి, పోలార్ అర్రేతో (కేంద్రం చుట్టూ తిప్పుతూ నకళ్లు వేసే కమాండ్) ఆరు చేశాం. ఇరవై నిమిషాలు పట్టింది.