ప్రతినిధి జెల్ ఎన్నిక

మా ల్యాబులో పేపర్ రాసే సీజను వచ్చిందంటే ఎన్నికలు వచ్చినట్టే. ఓటరు ఒక్కరే, మా గైడు గారు. అభ్యర్థులు ముగ్గురు, ప్రోటీన్లను సైజు ప్రకారం విడగొట్టే జెల్లీ పలకలు: సోమవారం జెల్, బుధవారం జెల్, శనివారం జెల్. మందు వేశాక కణాల్లో మా ప్రోటీన్ రెట్టింపయిందని సోమవారం జెల్ హామీ ఇస్తుంది. ఏదో కాస్త పెరిగిందిలెండి అని బుధవారం జెల్ నసుగుతుంది. తగ్గిందని శనివారం జెల్ మొహమ్మీదే చెప్పేస్తుంది. సోమవారం జెల్‌కి ఏకగ్రీవంతో సమానమైన విజయం. మిగతా ఇద్దరికీ డిపాజిట్లు గల్లంతు. బొమ్మ కింద మాత్రం 'మూడు స్వతంత్ర ప్రయోగాలకు ప్రతినిధి' అని రాస్తాం. ముగ్గురూ ఒకే గొట్టంలోంచి వచ్చినవాళ్లే. ఒక ఇంటి అన్నదమ్ములు మూడు పార్టీల్లో నిలబడ్డంత స్వతంత్రం.

శనివారం జెల్‌కి అసలు నామినేషనే చెల్లదని కూడా తర్వాత తేల్చాం. జెల్ నడిపే ఉప్పు ద్రావణం, అదే బఫర్, పాతదట. సోమవారం వాడిందీ ఆ బఫరే.

జెల్ ఇలా మాట ఎందుకు మారుస్తుందని బయటివాళ్లు అడుగుతుంటారు. ప్రోటీన్లను ఎస్‌డీఎస్ అనే సబ్బు కలిపి మరిగించి, జెల్ గుంటల్లో పోసి కరెంటు పెడతాం. చిన్నవి ముందు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. 1970లో లెమ్లీ గారు చెప్పిన వంటకమే ఇప్పటికీ వండుతున్నాం. కాకపోతే వంట చేతివాటం. జెల్‌ను గడ్డకట్టించే ఏపీఎస్ ఇవాళ కలిపిందా, పోయిన నెల కలిపి ఫ్రిజ్‌లో మరిచిపోయిందా? దానికి తోడుగా వేసే, చేపల కంపు కొట్టే ఆ టెమెడ్ ఒక చుక్క ఎక్కువ పడిందా? మే నెలలో ఏసీ మొరాయించిన రోజున జెల్ నడుమ వేడెక్కి అక్కడి బ్యాండ్లు, అంటే ప్రోటీన్ల గీతలు, ముందుకు ఉరుకుతాయి, అంచుల్లోవి ఆగిపోతాయి. దీన్ని స్మైలింగ్ అంటారు. ఆ పూట గదిలో నవ్వేది జెల్ ఒక్కటే.

ఇక శాంపిల్ పొయ్యడం. నీలం రంగు కలిపిన 20 మైక్రోలీటర్లను టిప్పులో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గుంటలోకి దించుతాను. టిప్పు చివర ఒక గాలిబుడగ. బుడుక్కుమని పైకి తేలుతుంది. దాని వెంటే నీలం పొగలా లేచి, తీరిగ్గా పక్క గుంటలోకి దిగుతుంది. ఆ పక్క గుంటలో ఉన్నది మందు వెయ్యని కంట్రోలు. టైము రాత్రి 9, కేంటీన్ కట్టేశారు, ఎవరూ చూడలేదు. స్విచ్ వేసేశాను. ఇది బుధవారం జెల్ ఆత్మకథ.

అందరికీ సమానంగా పోశామనడానికి ఆక్టిన్ అనే ప్రోటీన్ సాక్షిగా ఉన్నాడు. పోలీస్ స్టేషన్ పక్క టీకొట్టులో దొరికే పంచనామా సాక్షి లాంటివాడు. ప్రతి కణంలోనూ దండిగా ఉంటాడు కాబట్టి బ్యాండ్ ఎప్పుడూ నల్లగా నిండిపోయి ఉంటుంది. అంత నలుపులో పది పోసినా ఇరవై పోసినా ఒకటే. అన్నీ సమానమే సార్ అని సంతకం పెట్టి వెళ్లిపోతాడు.

తర్వాత సర్వే. ఇమేజ్‌జే అనే బొమ్మలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో బ్యాండ్ చుట్టూ మౌస్‌తో డబ్బా గీసి, లోపలి నలుపును కొలుస్తాం. పొలం గట్టు ఎంత జరపొచ్చో తెలిసిన రైతు వంశంలో పుట్టినవాణ్ణి, ఈ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. డబ్బా రవ్వంత పెంచితే పక్క మరక నా ఖాతాలోకి వస్తుంది. లెక్కలోంచి తీసేయాల్సిన ఖాళీ చోటి నలుపు, అదే బ్యాక్‌గ్రౌండ్, ఎక్కడ తీశానన్నది నాకూ భగవంతుడికీ తెలుసు. ఫలితం మాత్రం 2.13 రెట్లు. రెండు దశాంశాల వరకూ కచ్చితం.

జెల్ ఒకసారి చెప్పిందంటే అది రికార్డే. 1979లో దొరికిన పీ53 అనే ప్రోటీన్‌కి ఆ పేరు జెల్ మీద 53 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) దగ్గర కనబడ్డందుకే వచ్చింది. మనుషుల్లో దాని అసలు బరువు 44కి కాస్త తక్కువ. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువై జెల్‌లో మందకొడిగా నడిచింది, అంతే. కానీ బళ్లో వేసిన పుట్టినతేదీని ఎవరు మార్చగలరు? ఆ వయసుతోనే రిటైరవ్వాలి.

20,621 పేపర్ల బొమ్మలు కళ్లతో జల్లెడ పట్టి, 3.8 శాతంలో బొమ్మలు అనుమానాస్పదంగా రిపీట్ అయ్యాయని పరిశోధకురాలు ఎలిజబెత్ బిక్ బృందం 2016లో లెక్క తేల్చింది. ఒకే బ్యాండ్ రెండు బూత్‌లలో ఓటేసిందన్నమాట. అలాంటివి మా ల్యాబులో జరగవని మనవి. మేం దొంగ ఓట్లు వెయ్యం. అభ్యర్థిని మాత్రం మేమే నిలబెడతాం.

నిన్న రివ్యూయర్ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు జెల్స్‌వీ కత్తిరించని ఫొటోలు పంపాలట. సోమవారానిది వెంటనే దొరికింది, గైడు గారి వాల్‌పేపర్ అదే. బుధవారానిది 'ఫైనల్ ఫైనల్ 2' అనే ఫోల్డర్లో ఉంది. శనివారానిది కనబడలేదు. ఎవరైనా అడిగితే బఫర్ పాతదని చెప్పమన్నారు.