కానర్ గ్రిఫిన్‌ని షార్ట్‌స్టాప్‌లోనే ఉంచండి, కానీ కంగారు పెట్టకండి

పిట్స్‌బర్గ్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో బేస్‌బాల్ చూసేవాళ్లు ఎక్కడ కలిసినా ఈ చలికాలమంతా ఒకటే వాదన, పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడి పార్కింగ్‌లో కూడా అదే. కానర్ గ్రిఫిన్ అనే కుర్రాడిని 2026 సీజన్ మొదటి రోజే మన ఊరి పైరేట్స్ మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై లీగ్) టీమ్‌లోకి తీసుకోవాలని కొందరు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే చోటు) ఏంటి, సెంటర్ ఫీల్డ్‌కి (దూరంగా మైదానం వెనక మధ్యలో) పంపెయ్యండి అని ఇంకొందరు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఈ అబ్బాయి ఎవరో తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. మిసిసిపీ కుర్రాడు. 2024 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) హైస్కూల్ నుంచి నేరుగా పైరేట్స్ 9వ పిక్‌గా తీసుకున్నారు, 65 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో 19 నిండాయి. ఆ ఒక్క ఏడాదిలోనే సింగిల్-ఏ బ్రాడెంటన్, హై-ఏ గ్రీన్స్‌బరో, డబుల్-ఏ ఆల్టూనా, మైనర్ లీగ్ (మేజర్ లీగ్ కింద ఉండే లీగ్‌లు) మెట్లు మూడు ఎక్కేశాడు, ఆ పైన మిగిలింది ట్రిపుల్-ఏ ఒక్కటే. 122 ఆటలు, బ్యాటింగ్ సగటు .333 (వెయ్యి అవకాశాలకి 333 హిట్‌ల లెక్కన), 21 హోమ్ రన్‌లు (బంతి మైదానం బయటికి పోయే దెబ్బలు), 65 దొంగిలించిన బేస్‌లు (హిట్ లేకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం). తొలి ప్రొఫెషనల్ సీజన్లోనే ఇవన్నీ.

ఈ అంకెలు చూసి గంతులేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, బ్రాండన్ వుడ్‌ని గుర్తుతెచ్చుకోండి. ఏంజెల్స్ వాళ్ల షార్ట్‌స్టాప్, 2005లో 20 ఏళ్ల వయసులో వాళ్ల మైనర్ లీగ్ టీమ్ ర్యాంచో కూకమాంగాకి ఆడి 43 హోమ్ రన్‌లు కొట్టాడు. దేశమంతా అతని గురించే మాట్లాడుకున్నారు. మేజర్ లీగ్‌లో కెరీర్ మొత్తం మీద అతని సగటు .186. ఎందుకలా? అతను ఆడిన కాలిఫోర్నియా లీగ్ బ్యాటర్ల స్వర్గం, బంతి గాల్లోకి లేస్తే చాలు బయటికి పోయే మైదానాలు చాలా ఉండేవి. పైకి వెళ్లాక, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టాల్సిన బంతులు పడే హద్దు) బయట పడే బంతుల్ని వదల్లేకపోయాడు. అందుకే మైనర్ లీగ్ అంకెల్ని ఎప్పుడూ మొత్తంగా చూడకూడదు, ఎక్కడ ఆడాడు, ఏ మెట్టు మీద, ఏ వయసులో అని విడదీసి చూడాలి.

గ్రిఫిన్ అంకెల్ని అలా విడదీసినప్పుడే నాకు అసలు నమ్మకం కలిగింది. ఫ్లోరిడాలో ఆడే సింగిల్-ఏ మైదానాల్లో చాలావరకు మేజర్ లీగ్ టీమ్‌ల స్ప్రింగ్ ట్రైనింగ్ స్టేడియాలే, పెద్దవి. అక్కడ 50 ఆటల్లో 9 హోమ్ రన్‌లు కొట్టాడు. గ్రీన్స్‌బరో మైదానం దానికి పూర్తిగా ఉల్టా, హోమ్ రన్‌లకి పేరుపడ్డ చోటు, ఆ టీమ్‌కి ఆడిన 51 ఆటల్లో కొట్టింది 7. అంటే మైదానం చలవతో వచ్చిన పేరు కాదిది. ఇంకా ముఖ్యమైనది, బ్రాడెంటన్‌లో .396 ఉన్న ఆన్-బేస్ శాతం (ఎన్నిసార్లు బేస్ చేరాడన్న లెక్క) గ్రీన్స్‌బరోలో .432 అయింది. మంచి పిచర్లు (బంతి వేసేవాళ్లు) ఎదురయ్యేకొద్దీ బ్యాట్ ఊపడం తగ్గించి బంతిని చూడడం నేర్చుకున్నాడన్నమాట. ఆఫ్ స్టంప్ బయట పోయే బంతిని వదలడం మన క్రికెట్‌లో ఎంత కష్టమో, రెండు స్ట్రైక్‌ల మీద (ఇంకొక్కటి పడితే అవుట్, అదే స్ట్రైకౌట్) బయటికి జారిపోయే స్లైడర్‌ని వదలడం ఇక్కడ అంత కష్టం. 19 ఏళ్లకే ఆ వైపు అడుగులేసేవాళ్లు చాలా తక్కువ.

డ్రాఫ్ట్ అప్పుడు స్కౌట్‌లకి ఉన్న పెద్ద అనుమానం కూడా సరిగ్గా ఇదే. వాళ్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, 50 అంటే మేజర్ లీగ్ సగటు ఆటగాడు. పరుగుకీ, చేతి బలానికీ, కండ బలానికీ ఈ అబ్బాయికి అందరూ దండిగా వేశారు, బంతికి బ్యాట్ తగిలించే నైపుణ్యం దగ్గరే చెయ్యి వెనక్కి లాగారు. ఆ స్వింగ్‌తో పైన నెగ్గుకురాలేడని గట్టిగానే వాదించారు కొందరు. అలాంటి కుర్రాడు 9వ పిక్ దాకా మిగిలాడంటే కారణం అదే. పైరేట్స్ కోచ్‌లు ఆ స్వింగ్‌ని ఒక్క చలికాలంలో దారిలో పెట్టారు, ఈ టీమ్ యాజమాన్యాన్ని ఏళ్ల తరబడి తిడుతున్న నేను ఆ క్రెడిట్ మాత్రం మనస్ఫూర్తిగా ఇస్తాను.

మరి ఇంత నమ్మకం ఉంటే మొదటి రోజే ఎందుకు వద్దంటున్నావ్ అని అడుగుతారు. ఆల్టూనాలో అతను ఆడింది 21 ఆటలే. .337 కొట్టాడు, కాదనను. కానీ మైనర్ లీగ్‌లో ఇప్పుడు ఒకే ప్రత్యర్థితో వరసగా ఆరు ఆటల సిరీస్‌లు ఉంటాయి, సోమవారం సెలవు. 21 ఆటలంటే మహా అయితే నాలుగైదు సిరీస్‌లు. ఒక టీమ్ అతన్ని చూసి, వీడియోలు తిప్పి, బలహీనత పట్టుకుని రెండోసారి ఎదురయ్యేలోపే సీజన్ అయిపోయింది. డబుల్-ఏ పిచర్లు అతని మీద ఇంకా ఎదురు ప్లాన్ వెయ్యనేలేదు. 2025లో ట్రిపుల్-ఏ ఇండియానాపొలిస్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

జాక్సన్ హాలిడే సంగతి చూడండి. 2022లో మొట్టమొదటి పిక్, మాజీ మేజర్ లీగ్ ఆటగాడు మాట్ హాలిడే కొడుకు, ఇంట్లోనే బేస్‌బాల్ తిని పెరిగినవాడు. 2023లో ఒకే ఏడాదిలో నాలుగు మెట్లూ ఎక్కాడు, .323 కొట్టాడు, 101 వాక్‌లు (నాలుగు బయటి బంతులు వదిలి ఫస్ట్ బేస్‌కి నడవడం) తీసుకున్నాడు. బంతిని చూసే కన్ను గ్రిఫిన్ కన్నా అతనికే బాగుందంటే ఒప్పుకుంటాను. 2024 ఏప్రిల్‌లో 20 ఏళ్లకి అతని టీమ్ ఓరియోల్స్ పైకి తెచ్చారు, 34 సార్లు బ్యాట్ పట్టి 2 హిట్‌లు, 18 స్ట్రైకౌట్‌లు, వెనక్కి పంపారు. హాలిడే ఫెయిల్ అయ్యాడని దీనర్థం కాదు, మళ్లీ వచ్చి నిలబడ్డాడు కూడా. కానీ మేజర్ లీగ్ పిచింగ్‌కీ కింద పిచింగ్‌కీ మధ్య ఉన్న దూరం అంకెల్లో కనపడదు. రెండు మూడు నెలలు ట్రిపుల్-ఏలో, మేజర్ లీగ్‌లో ఆడి కిందికొచ్చిన 30 ఏళ్ల పిచర్ల దగ్గర దెబ్బలు తింటే ఆ దూరం కొంతైనా తగ్గుతుంది. ఆ దెబ్బలు పైరేట్స్ సొంత మైదానం పీఎన్‌సీ పార్క్‌లో అందరి ముందూ తినాల్సిన పనేముంది?

ఇక రెండో గోల, సెంటర్ ఫీల్డ్. ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. 2024లో పైరేట్స్ ఆటగాడు ఓనీల్ క్రూజ్‌ని షార్ట్‌స్టాప్ నుంచి సెంటర్‌కి మార్చారు కాబట్టి ఇతన్నీ మార్చాలట. క్రూజ్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు, అతని కథ వేరు. ఓరియోల్స్ దిగ్గజం కాల్ రిప్కెన్ జూనియర్ ఎత్తు సరిగ్గా గ్రిఫిన్ ఎత్తే. వరసగా 2,632 ఆటలు ఆడిన మనిషి, అందులో అత్యధికం షార్ట్‌స్టాప్‌లోనే. కోరీ సీగర్‌ని కుర్రాడిగా ఉన్నప్పుడు థర్డ్ బేస్‌కి మార్చక తప్పదన్నారు, అతనిదీ అదే ఎత్తు, ఇవాల్టికీ షార్ట్‌స్టాపే. ఎత్తు చూసి పొజిషన్ తేల్చేది స్కౌటింగ్ కాదు. నేల మీద దూసుకొచ్చే బంతికి మొదటి అడుగు ఎంత త్వరగా పడుతోంది, నడుము ఎంత వంగుతోంది, థర్డ్ బేస్ వైపు లోతుకి వెళ్లి పట్టాక ఫస్ట్ బేస్‌కి విసిరే బలం ఉందా, ఇవి చూడాలి. హైస్కూల్‌లో పిచింగ్ కూడా చేసిన చెయ్యి అది, విసురు గురించి నాకు బెంగ లేదు. కాళ్ల కదలిక ఇంకా నేర్చుకుంటున్నాడు, నేర్చుకోనివ్వండి.

ఎర్రర్‌లు (ఫీల్డింగ్‌లో చేసే తప్పులు) లెక్కపెట్టేవాళ్లకి కూడా ఒక మాట. 1993లో డెరెక్ జీటర్ అనే కుర్రాడు ఇదే గ్రీన్స్‌బరో ఊళ్లో ఒక్క సీజన్లో 56 ఎర్రర్‌లు చేశాడు. యాభై ఆరు! అప్పుడే విసుగొచ్చి యాంకీస్ అతన్ని అవుట్‌ఫీల్డ్‌కి తోసేసి ఉంటే? మూడేళ్లకే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు, 20 సీజన్లు ఆ చోటు వదల్లేదు. మైనర్ లీగ్ మైదానాల నేల ఎగుడుదిగుడు, ఫస్ట్ బేస్‌లో ఉండేవాడు కూడా కుర్రాడే. ఆ ఎర్రర్‌లు చూసి 19 ఏళ్లవాడి భవిష్యత్తు చెప్పలేం.

పైగా ఇది తొందరపడాల్సిన నిర్ణయం కానే కాదు. షార్ట్‌స్టాప్ నుంచి సెంటర్‌కి ఎప్పుడైనా వెళ్లొచ్చు. పాడ్రెస్‌లో షార్ట్‌స్టాప్‌గా ఎదిగిన జాక్సన్ మెరిల్ 2024 స్ప్రింగ్‌లో సెంటర్ ఫీల్డ్ నేర్చుకుని ఆ ఏడే .292 కొట్టాడు, 24 హోమ్ రన్‌లతో. సెంటర్‌కి వెళ్లినవాడు తిరిగి షార్ట్‌స్టాప్‌కి రావడం మాత్రం అరుదు.

మన స్టార్ పిచర్ పాల్ స్కీన్స్ 2029 దాకానే మన దగ్గర ఉంటాడు, పైరేట్స్ 2015 తర్వాత 2025 దాకా ప్లేఆఫ్‌ల మొహం చూడలేదు, ఇంకెన్నాళ్లు ఆగాలి అనే బాధ నాదీ. మా ఇంట్లో పిల్లలకి ప్లేఆఫ్ అంటే ఏంటో తెలియదు. కానీ ఒక షరతు. గ్రిఫిన్‌ని ఇండియానాపొలిస్‌లో ఉంచితే అది అతని బ్యాటింగ్ కోసం అవ్వాలి, సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్‌లో గడిపిన రోజులు) లెక్కల కోసం కాదు. ఏడాది సర్వీస్‌కి 172 రోజులు కావాలి, 2015లో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ని ఏప్రిల్ 17 దాకా కింద ఉంచి 171 రోజుల దగ్గర ఆపారు, దాంతో అతని ఫ్రీ ఏజెన్సీ (ఏ టీమ్‌తోనైనా ఒప్పందం చేసుకునే హక్కు) ఒక ఏడాది వెనక్కి పోయింది. పైరేట్స్ అలాంటి పని చేస్తే మాత్రం ఊరుకోను, అది కుర్రాడికి అన్యాయం, టికెట్ కొనేవాళ్లకీ అన్యాయం. ట్రిపుల్-ఏలో రెండోసారి ఎదురైన పిచర్ల మీద కూడా అతను బయటి స్లైడర్‌ని వదులుతున్నాడా, మే నెల మధ్యలోనే తెచ్చెయ్యండి. వదలట్లేదా, జులై అయినా పర్వాలేదు, నేను ఆగుతాను.