టెరాఫ్లాప్‌ల గొడవ ఆపండ్రా బాబూ

మొన్న ఆదివారం మా అక్క వాళ్ళింట్లో భోజనాల దగ్గర మా మేనల్లుడికీ వాడి పెదనాన్న కొడుక్కీ పెద్ద గొడవ. ఒకడిది ప్లేస్టేషన్ పార్టీ, ఇంకొకడిది ఎక్స్‌బాక్స్ పార్టీ. "మాది 12 టెరాఫ్లాప్‌లురా, మీది పదే" అని ఒకడు. "మా ఎస్ఎస్‌డీ ముందు మీ డబ్బా ఎందుకు పనికొస్తుంది" అని ఇంకొకడు. (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేసే వేగం, ఎస్ఎస్‌డీ అంటే ఆటను గబగబా లోడ్ చేసే నిల్వ.) గుత్తివంకాయ కూర చల్లారిపోతోంది, వీళ్ళకి పట్టదు. చివరికి నా మీద పడ్డారు. "మామయ్యా, నువ్వు చెప్పు, ఏది బెస్టు?" ముందు అన్నం తినండ్రా అని తప్పించుకున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. చాటభారతం అవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

అసలు ఆ రెండు డబ్బాలూ, అంటే ప్లేస్టేషన్ 5 (పీఎస్5), ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, 2020 నవంబర్‌లో రెండు రోజుల తేడాతో వచ్చాయి. రెండింటి లోపలా ఉన్నది ఏఎండీ వాళ్ళ చిప్పే. ప్రాసెసర్ కుటుంబం ఒకటే, గ్రాఫిక్స్ కుటుంబం ఒకటే. ఒకే వంటవాడు రెండిళ్ళకు పప్పు వండితే ఒకింట్లో ఉప్పు కాస్త ఎక్కువ పడింది, అంతే తేడా. 12కీ 10.28కీ మధ్య తేడా టీవీ ముందు కూర్చున్నప్పుడు మీకు కనిపిస్తే మీ కళ్ళకు దండం పెడతాను. ఆ అంకెలు పక్కన పెట్టి, ఈ మెషీన్ తయారుచేసినవాడు దీన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని ఆడతారనుకున్నాడో చూడండి. కంపెనీల మధ్య అసలు తేడా నాకు అక్కడే కనిపిస్తుంది.

నింటెండోతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఇష్టమైన మనిషి ఆ కంపెనీలోనే పనిచేశాడు. గుంపెయ్ యొకొయ్. 1889లో క్యోటోలో పేకముక్కలు అచ్చువేసుకుంటూ మొదలైన కంపెనీ అది. ఈయన అక్కడ యంత్రాల మరమ్మతు చూసుకునే ఉద్యోగంలో చేరి, తర్వాత బొమ్మల తయారీలోకి వచ్చాడు. ఒకసారి బుల్లెట్ ట్రైన్‌లో వెళ్తుంటే ఎదురుగా ఎవరో ఉద్యోగి ఊసుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కనిపించాడట. అక్కడినుంచి పుట్టిందే గేమ్ అండ్ వాచ్ అనే జేబులో పట్టే ఆట, 1980లో. క్యాలిక్యులేటర్లో వాడే ఎల్‌సీడీ తెరే, అప్పటికే చవకైపోయిన సరుకే. దాన్ని ఆటకు వాడుకోవచ్చన్న ఊహ మాత్రం కొత్తది.

ఆయన ఈ పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నాడు. తెలుగులో చెప్పాలంటే "ఎండిపోయిన టెక్నాలజీతో అడ్డంగా ఆలోచించడం". ఆ జపనీస్ మాటకు ఎండిన, వాడిన అనే అర్థం ఉన్నా, భావం మాత్రం మనం "పండిపోయిన చెయ్యి" అంటామే, దానికి దగ్గర. అందరూ వాడేసి, లోటుపాట్లన్నీ బయటపడిపోయి, ధర దిగొచ్చిన సరుకు అన్నమాట.

1989లో వచ్చిన గేమ్ బాయ్ చూడండి. ముద్దపచ్చ తెర, నాలుగు ఛాయలు, వెనక లైటు లేదు. చీకట్లో ఆడాలంటే ట్యూబ్‌లైటు కిందికి వెళ్ళాల్సిందే. మరుసటి ఏడు సెగా వాళ్ళు గేమ్ గేర్ దింపారు. రంగుల తెర, లోపల లైటు, షోకేసులో పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వంక ఎవడూ చూడడు. కానీ గేమ్ గేర్‌కు ఆరు పెన్సిల్ సెల్స్ కావాలి, అవి మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్‌కు నాలుగు వేస్తే పదిహేను గంటలకు తక్కువ కాకుండా వచ్చేది. సెల్స్ కొనిపెట్టేది నాన్న. ఆ ఒక్క సంగతి యొకొయ్‌కి గుర్తుంది, సెగా మర్చిపోయింది. చివరికి గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి దాదాపు 11.9 కోట్లు అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి చిల్లర దగ్గర ఆగింది. గల్ఫ్ యుద్ధంలో కాలి, పైన ప్లాస్టిక్ కరిగిపోయిన ఒక గేమ్ బాయ్‌ని న్యూయార్క్‌లోని నింటెండో స్టోర్లో చాలా ఏళ్ళు అద్దాల పెట్టెలో పెట్టారు, టెట్రిస్ ఆడుతున్న స్థితిలో.

మనలో తొంభైల్లో పుట్టి పెరిగినవాళ్ళకు తెలియకుండానే ఈయనతో ఇంకో చుట్టరికం ఉంది. వేసవి సెలవుల్లో టీవీకి తగిలించుకున్న "వీడియో గేమ్" గుర్తుందా? పసుపు రంగు క్యాసెట్, మీద 9999 ఆటలు అని రాసుంటుంది, పెడితే అవే పాతిక ఆటలు తిరిగి తిరిగి వస్తాయి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్ళీ దూర్చేవాళ్ళం. అదంతా నింటెండో ఫామికామ్‌కు నకలు, వాళ్ళకు మనం ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. దాని రిమోట్ మీద ఎడమ బొటనవేలి కింద ప్లస్ గుర్తులాంటి బటన్ ఉండేది కదా, అది యొకొయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ కోసం తెచ్చింది. మా పిన్ని కొడుకు మారియో దూకినప్పుడల్లా రిమోట్‌తో సహా తనూ పైకి లేచేవాడు. మా బొటనవేళ్ళకు కాయలు కాసింది ఆ ప్లస్సు మీదే.

యొకొయ్‌ని దేవుణ్ణి చేయడం లేదండీ. అదే ఆలోచనతో 1995లో వర్చువల్ బాయ్ చేశాడు. ఎర్ర ఎల్ఈడీలే చవక కాబట్టి లోకమంతా ఎర్రగా కనిపించే కళ్ళజోడు పెట్టె. మెడ నొప్పి, తల నొప్పి, ఏడాది తిరక్కుండానే మూట కట్టేశారు. కానీ ఆయన వదిలివెళ్ళిన అలవాటు కంపెనీలో నిలిచింది. 2006లో వీ (Wii) అనే కన్సోల్ వచ్చింది. అందరూ హెచ్‌డీ అంటుంటే వీళ్ళు పాత గేమ్‌క్యూబ్ మీదే కాస్త మెరుగుపరిచి, చేతికి టీవీ రిమోట్‌లాంటిది ఇచ్చి "ఊపండి" అన్నారు. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో తాతలు, బామ్మలు వీ బౌలింగ్ పోటీలు పెట్టుకున్నారు. ఊపిన ఊపుకి రిమోట్లు టీవీల మీదికి ఎగిరితే, మణికట్టు తాళ్ళు లావుగా చేసి 30 లక్షలకు పైగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. పది కోట్ల వీ కన్సోళ్ళు అమ్ముడయ్యాయి. ఆరేళ్ళకు వచ్చిన వీ యూ ఏంటో జనానికి అర్థమే కాలేదు, కోటీ ముప్ఫై ఐదు లక్షల దగ్గర చతికిలబడింది. నష్టాలొస్తే ఉద్యోగుల్ని తీయకుండా అధ్యక్షుడు ఇవాటా 2014లో ఐదు నెలలు తన జీతం సగానికి కోసుకున్నాడు. తర్వాత 2017లో స్విచ్, అది 15 కోట్లు దాటింది. దాని చిప్ విడుదల రోజుకే పాతది. దాని జాయ్‌కాన్‌ల (చేతిలో పట్టుకునే రిమోట్ల) పుల్లలు వాటంతటవే పక్కకు లాగుతున్నాయని ఏళ్ళ తరబడి జనం మొత్తుకుంటే, 2020లో గానీ అప్పటి అధ్యక్షుడు ఫురుకావా క్షమాపణ చెప్పలేదు. పండిన సరుకే వాడతాం అనేవాళ్ళు ఒక చిన్న పుల్ల దగ్గర ఇంత అజాగ్రత్తగా ఎలా ఉన్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

సోనీ కథ పంతంతో మొదలైంది. 1991లో షికాగో ప్రదర్శనలో, నింటెండోతో కలిసి సీడీ మెషీన్ చేస్తున్నామని వీళ్ళు ప్రకటించారు. మర్నాడు నింటెండో అదే వేదిక మీద ఫిలిప్స్‌తో వెళ్తున్నామంది. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు మారినట్టు. కెన్ కుతరాగి అనే ఇంజనీరు ఆ కోపాన్ని మూడేళ్ళు కడుపులో పెట్టుకుని 1994 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ బయటికి తెచ్చాడు. పీఎస్2 పదహారు కోట్లు దాటింది, అందులో సగం పుణ్యం డీవీడీది. ఇంట్లో డీవీడీ ప్లేయర్ కావాలి అని నాన్నను ఒప్పించడం వీడియో గేమ్ కావాలి అనడం కంటే తేలిక. మా ఊళ్ళో పార్లర్‌లో గంటకు పది రూపాయలిచ్చి నేను ఆడింది ఆ పీఎస్2నే. టైము అయిపోగానే ఓనరు ఏమీ చెప్పకుండా టీవీ ఆపేసేవాడు.

అంత గెలిచాక కళ్ళు నెత్తికెక్కాయి. పీఎస్3, 2006, పెద్ద మోడల్ 599 డాలర్లు. లోపల సెల్ అనే చిప్. పెళ్ళి వంటలతో పోల్చి చెబుతా. ఒక పెద్ద వంటాయన, కింద ఆరుగురు కుర్రాళ్ళు. కుర్రాళ్ళ చేతివేగం మామూలుది కాదు. కానీ ఒక్కొక్కడి ముందు చిన్న పళ్ళెం, 256 కిలోబైట్లు. అందులో పట్టినంతే తరగాలి, స్టోర్ రూమ్ నుంచి ఏది ఎప్పుడు తెచ్చుకోవాలో ప్రతిసారీ ముందే రాసిపెట్టాలి. రాసిపెట్టే ఓపిక ఉన్నవాడికి విందు, లేనివాడికి మాడిన అన్నం. గేమ్స్ చేసేవాళ్ళు తలలు పట్టుకున్నారు గానీ అమెరికా వైమానిక దళానికి మాత్రం తెగ నచ్చింది. 1,760 పీఎస్3లు కొని సూపర్ కంప్యూటర్ కట్టుకున్నారు. ఆట డబ్బా కొన్నవాళ్ళలో ఆట ఆడని ఇంత పెద్ద కస్టమర్ ఇంకెవరికీ దొరికి ఉండడు.

సోనీలో నాకు నచ్చేది, దెబ్బ తిన్నాక మారడం. పీఎస్4 బాధ్యత మార్క్ సెర్నీకి ఇస్తే, ఆయన ముందు డెవలపర్ల దగ్గరికి వెళ్ళి మీకేం కావాలి అని అడిగాడు. కొత్త మెషీన్ మీద తెర మీద మొదటి ఆకారం గీయడానికి ఎన్నాళ్ళు పడుతుంది అన్నది ఆయన కొలబద్ద. పీఎస్3కి ఆరు నెలల నుంచి ఏడాది, పీఎస్4కి ఒకటి రెండు నెలలు. పీఎస్5లో ఆ ఎస్ఎస్‌డీ కూడా డెవలపర్లు అడిగితే పెట్టిందే. పాత గేమ్స్‌లో హీరో రెండు బండల మధ్య సన్నటి సందులో ఒళ్ళు ముడుచుకుని అడ్డంగా నడుస్తుంటాడు చూడండి, లేకపోతే లిఫ్టులో నిమిషంసేపు నిలబడతాడు. అందమనుకుంటాం. అవతల డిస్కు నుంచి తర్వాతి ఊరు లోడ్ అయ్యేదాకా మనల్ని అలా నిలబెడుతున్నారన్నమాట. అంటే సోనీ దృష్టిలో ముందు కూర్చోబెట్టాల్సింది గేమ్ తీసేవాణ్ణి. వాడు సుఖంగా ఉంటే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారని లెక్క.

ఇక మైక్రోసాఫ్ట్. వీళ్ళతోనే నాకు తంటా. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్ వచ్చినప్పుడు లెక్క స్పష్టంగా ఉంది. హాల్లో కూర్చోబెట్టిన పీసీ అది. లోపల హార్డ్ డిస్క్, వెనక నెట్ తీగ పెట్టుకునే రంధ్రం. చాలామందికి ఇంట్లో డయలప్ ఉన్న రోజుల్లో అది తెగింపే, నిజమైంది కూడా. తర్వాతి ఎక్స్‌బాక్స్ 360 కూడా మంచి మెషీనే, ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోకుండా ఉంటే. ఆ వారంటీ పొడిగింపుకే 2007లో వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టారు.

తర్వాత 2013. ఎక్స్‌బాక్స్ వన్‌తో ముందు టీవీ చూడమన్నారు. కెమెరా తప్పనిసరి, ధర సోనీ కంటే వంద డాలర్లు ఎక్కువ, ఆపైన 24 గంటలకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోకపోతే ఆటలు ఆడనివ్వం అన్నారు, కొన్న డిస్కు ఇంకొకరికి ఇవ్వడం మీదా షరతులు పెట్టారు. మాకు అప్పట్లో రోజుకు రెండు గంటల కరెంటు కోత ఉండేది, వర్షం పడితే నెట్ ఉండేది కాదు. ఆ ప్రకటన చదివి నేనొక్కణ్ణే నవ్వుకున్నాను, వీళ్ళెప్పుడూ మా వీధికి రాలేదని. సోనీ వాళ్ళు ఏం చేశారో తెలుసా? 22 సెకన్ల వీడియో. పీఎస్4లో గేమ్ ఎలా షేర్ చేసుకోవాలో చూపించారు. ఒకాయన డిస్కు పెట్టెను పక్కాయన చేతికి ఇస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు. అంతే. వారం పదిరోజుల్లో మైక్రోసాఫ్ట్ ఆ హాజరు షరతు, డిస్కు షరతులు వెనక్కి తీసుకుంది.

ఆ దెబ్బ తర్వాత ఒక మంచి పని చేశారు, ఒప్పుకోవాలి. పాత డిస్కులు కొత్త మెషీన్లో ఆడించడం. కొన్ని 2001 నాటి ఆటలు కూడా సిరీస్ ఎక్స్‌లో పెడితే నడుస్తాయి. కొన్నదాన్ని గౌరవించడం అంటే అది. నెలకింత కట్టి బోలెడు ఆటలు ఆడుకునే గేమ్ పాస్ కూడా మధ్యతరగతివాడికి అనుకూలమైన ఊహే. కానీ చౌకగా ఇస్తామని బలహీనమైన సిరీస్ ఎస్ దింపి, ప్రతి గేమూ రెండింటిలోనూ ఆడాలని పట్టుబట్టారు. 2023లో బాల్డర్స్ గేట్ 3కి అదే అడ్డం పడింది. సిరీస్ ఎస్‌లో తెరను రెండుగా చీల్చి ఆడించడం కుదరక, పీఎస్5లో సెప్టెంబర్‌లో వచ్చిన ఆట వీళ్ళకు డిసెంబర్‌లో వచ్చింది, అదీ ఎస్‌లో ఆ సౌకర్యం తీసేశాక. 2024 చివర్లో ఫోను, టీవీ, ల్యాప్‌టాప్ చూపించి "ఇది కూడా ఎక్స్‌బాక్సే" అని ప్రకటనలిచ్చారు. మరి నేను డబ్బు పెట్టి కొన్న ఆ నల్ల డబ్బా ఏంటయ్యా అని అడిగేవాడికి జవాబేది? తమ ఆటగాడు ఎవరో వీళ్ళు ఐదేళ్ళకోసారి మార్చుకుంటూ వస్తున్నారు. చేతిలో డబ్బులుండటం వల్ల ఆ తికమక ఇన్నాళ్ళు సాగింది. ఇదే పని సెగా చేస్తే 2001లో కన్సోల్ వ్యాపారం మూసుకుని పోవాల్సి వచ్చింది.

ముగ్గురూ ఊహించుకున్న ఆటగాళ్ళలో మనం ఎక్కడా లేం, అది వేరే సంగతి. స్విచ్‌ని మన దేశంలో అధికారికంగా విడుదలే చేయలేదు. మా ఇంట్లో ఉన్నది డాలస్ నుంచి మా బావ సూట్‌కేసులో వచ్చింది. ఆవకాయ అటు వెళ్ళిన సూట్‌కేసే. పాడైతే వారంటీ అడగడానికి తలుపు లేదు, యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే. పీఎస్5 ఇక్కడికి మూడు నెలలు ఆలస్యంగా, 49,990 రూపాయలకు వచ్చింది. ఆ ధరకు మా వీధిలో పాత స్కూటీ వస్తుంది. అయినా నాలుగేళ్ళ మా పాప, డెబ్భై దాటిన మా అమ్మ కలిసి ఆడేది ఆ సూట్‌కేసు స్విచ్ మీదే. అమ్మకు బటన్ల పేర్లు తెలియవు. కారు తిప్పాలంటే రిమోట్‌తో పాటు తనూ పక్కకు ఒరుగుతుంది, అచ్చం మా పిన్ని కొడుకులాగే.

ఇంతకీ మా మేనల్లుడికి ఏం చెప్పానంటారా? భోజనాలయ్యాక ఏది కొన్నార్రా మీరు అని అడిగాను. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరి దగ్గరా ఏ కన్సోలూ లేదు. ఎంసెట్‌లో ర్యాంకు వస్తే చూద్దామంది మా అక్క. "మామయ్యా, నువ్వు అమ్మకి ఒక మాట చెప్పవా" అంటూ గేటు దాకా వచ్చాడు, ఒక చేతిలో ఫోను, అందులో ఫ్రీ ఫైర్.