గుజ్జు అరిగిన మోకాలికి వ్యాయామమా?

(అత్తయ్యకు 63 ఏళ్లు, రెండు మోకాళ్లలోనూ అరుగుదల. మేనకోడలు ఫిజియోథెరపిస్టు.)

అత్తయ్య: గుజ్జు అరిగిపోయిందని ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పారు. ఇంకా కదిలిస్తే మిగిలింది కూడా పోదూ? చెప్పులు అరిగాయని తెలిసీ ఎవరైనా పరుగులు పెడతారా?

మేనకోడలు: చెప్పులకు ప్రాణం లేదు అత్తయ్యా, గుజ్జుకు ఉంది. దానికి రక్తనాళాలు లేవు, కీలులోని ద్రవమే దాని తిండి. బరువు పడితే తడి స్పాంజిని పిండినట్టు ద్రవం బయటికి వస్తుంది, బరువు తీస్తే మళ్లీ లోపలికి పోతుంది. కదలిక ఆగితే ఆ తిండీ తగ్గుతుంది. పైగా తొడ కండరం సన్నబడుతుంది. నిన్న మీరు గడప దాటడం చూశాను. ద్వారబంధం పట్టుకుని ఒంటిని పైకి లాక్కున్నారు. తొడ చేయాల్సిన పని చెయ్యి చేసింది.

అత్తయ్య: నలభై ఏళ్లు నిలబడే వంట చేశాను. వ్యాయామం తక్కువై వచ్చిందా నాకీ నొప్పి?

మేనకోడలు: మీరు తక్కువ కష్టపడ్డారని ఎవరనగలరు? గంటల తరబడి నిలబడటం, గొంతుకూర్చుని బరువులెత్తడం మోకాలికి భారమే. వ్యాయామం మందులాంటిది. ఎన్నిసార్లు, ఎంత బరువుతో అన్నది కొలిచి ఇవ్వాలి, నెమ్మదిగా పెంచాలి.

అత్తయ్య: పోయిన ఏడాది ఒకచోట మొదటిరోజే మెట్లెక్కించారు. వారం రోజులు మంచం దిగలేదు!

మేనకోడలు: వాళ్లు మోతాదు తప్పారు. మొదట్లో కొంత నొప్పి ఉంటుంది, దాచను. పదికి ఐదు దాటకూడదు, మర్నాటికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే తగ్గిస్తాం. మోకాలు వాచి వేడెక్కితే ఆపి డాక్టరుకు చూపిస్తాం.

అత్తయ్య: ఇన్ని తిప్పలెందుకు, ఆపరేషన్ చేయించుకుంటే పోలేదా?

మేనకోడలు: అవసరమైనవారికి అది గొప్ప వరమే. 2015లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో 100 మందిని రెండు జట్లు చేశారు. ఏడాది తర్వాత మోకీలు మార్పిడి చేయించుకున్నవారికే ఎక్కువ ఉపశమనం. కానీ వ్యాయామం, బరువు తగ్గించుకోవడం వంటి వాటితో మొదలుపెట్టిన జట్టులో నలుగురికి దాదాపు ముగ్గురు ఆ ఏడాది కత్తి దాకా వెళ్లలేదు. తీవ్రమైన ఇబ్బందులూ వారికే తక్కువ.

అత్తయ్య: అయితే నా గుజ్జు తిరిగి వస్తుందా?

మేనకోడలు: రాదు. వస్తుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. నొప్పిని నూరు మార్కులకు కొలిస్తే సగటున తగ్గేది పదికి కాస్త అటూ ఇటూ. మానేస్తే ఆ లాభమూ క్రమంగా కరిగిపోతుంది.

అత్తయ్య: పది మార్కుల కోసం ఇంత శ్రమా!

మేనకోడలు: రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే మామయ్యను లేపుతున్నారు కదా. ఆయన నిద్ర చెడగొడుతున్నానని మీరే బాధపడ్డారు. మీ అంతట మీరు లేవడానికి ఆ పదే చాలవచ్చు.

అత్తయ్య: (కాసేపు ఆగి) మెట్లు మాత్రం ఎక్కను.

మేనకోడలు: మెట్లు వద్దు, ఈ కుర్చీ చాలు. ఎత్తు కోసం దుప్పటి మడిచి వేశాను. చేతులు ఛాతీ మీద పెట్టుకోండి. ముందుకు వంగి, పాదాలు నేలకు నొక్కి లేవండి. కూర్చునేటప్పుడు ఒక్కసారిగా కూలబడవద్దు. ఇవాళ్టికి ఐదుసార్లు.

అత్తయ్య: ఐదు కాదు, మూడు. నాలుగోది రేపు పొద్దున మోకాలిని అడిగి చేస్తాను.