పనిచేయని వారికే పెద్దపీట

శ్రమ మహిమను నిత్యం కీర్తించే పెద్దలందరినీ ఒకసారి స్కాట్లాండ్ పడమటి తీరానికి అవతల ఉన్న లూయిస్ దీవికి పంపాలని నా విన్నపం. అక్కడి నేల వేల ఏళ్ళుగా ఎత్తు పెరుగుతోంది. ఎవరో చెమటోడ్చినందుకు కాదు, పని చేయవలసిన వారు దాన్ని సగంలో వదిలేసినందుకు.

ఆ నేలను పీట్ అంటారు. మాట ఇంగ్లీషుదే. అయినా ఒకసారి పీట వేసుకుని కూర్చుంటే ఇక లేవదు కనుక మనకూ సరిపోయింది.

చచ్చిన మొక్కను కుళ్ళబెట్టి మట్టిలో కలపడం బాక్టీరియా, శిలీంధ్రాల విధి. అట్లాంటిక్ వాన తెరిపి ఇవ్వక, చలికి నీరు ఆవిరి కాక, దిగువకు ఇంకక నిలిచిపోతే అడుగున ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేనిచోట ఆ సిబ్బంది పని నత్తనడకే. ఈ ఏటి మొక్క సగం కుళ్ళిందో లేదో, దాని మీద వచ్చే ఏటి మొక్క వచ్చి పడుతుంది. ఈ పెండింగు ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగి, వెయ్యేళ్ళకు మీటరు మందమవుతుంది. ఇంత నిలకడగా పని ఆపగలిగిన కార్యాలయాన్ని నేనైతే చూడలేదు.

దీనికి పెద్ద తలకాయ స్ఫాగ్నమ్ అనే నాచు. దానికి వేళ్ళుండవు. ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పట్టి ఉంచుకుంటుంది. కింద చస్తూ పైన పెరుగుతుంది. వాననీటిలోని కాస్తో కూస్తో ఖనిజాలను తాను పుచ్చుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదిలి నీటిని పులుపెక్కిస్తుంది. దాంతో పోటీ మొక్కలు తప్పుకుంటాయి, సూక్ష్మజీవులు మరింత మందగిస్తాయి. కుర్చీ దక్కగానే నిబంధనలు తిరగరాయడం దానికి ఎవరు నేర్పారో! మిగిలిన వాటిలో డ్రోసెరా అనే చిన్న మొక్క జిగురుతో పురుగులను పట్టి తింటుంది. జీతం చాలనప్పుడు పైసంపాదన తప్పదు మరి.

ఇదంతా ఎవరి వల్ల మొదలైందో ఇంకా తేలలేదు. వాన ఎక్కువై అని కొందరు, తొలి రైతులు చెట్లు నరికి పశువులను మేపినందుకని కొందరు. ఫిన్లాండ్, స్వీడన్ మధ్యనున్న క్వార్కెన్ దీవుల్లో మాత్రం ఈ గొడవ లేదు. మంచుయుగపు మంచుగడ్డల బరువు దిగిపోయిన నేల అక్కడ ఏటా సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు పైకి లేస్తోంది. సముద్రపు పాయ తెగి మడుగవుతుంది, మడుగు పూడి చిత్తడి అవుతుంది. నేలే తీరుబడిగా స్థలం కేటాయిస్తోందన్నమాట.

ఇక రికార్డుల భద్రత. లూయిస్‌లోని కాలనిష్ నిలువురాళ్ళను పాతి దాదాపు 5,000 ఏళ్ళు. 1857లో చుట్టూ ఉన్న పీట్‌ను తవ్వించేసరికి రాళ్ళు ఒక్కసారిగా మరో మీటరున్నర ఎత్తు పెరిగాయి. పుప్పొడి రేణువులను సైతం పీట్ పొర పొరగా దాచి ఉంచుతుంది. ఫైలు పరిష్కరించదు, కానీ పోగొట్టదు. తక్కిన కార్యాలయాలు ఈ రెండో సగం నేర్చుకుంటే చాలు.

భూభాగంలో మూడు శాతమే ఉన్న ఈ నేలలు ప్రపంచంలోని అడవుల చెట్టూ చేమలన్నిటికన్నా ఎక్కువ కార్బన్‌ను అట్టిపెట్టాయి. ఇది చూసి కష్టజీవి అయిన మనిషి ఊరుకుంటాడా? బ్రిటన్‌లో గత శతాబ్దం సర్కారు సొమ్ముతో కాలువలు తవ్వి నీళ్ళు వదిలించారు. గాలి తగలగానే అడుగునున్న బాక్టీరియాకు కర్తవ్యం గుర్తొచ్చింది. వేల ఏళ్ళ బకాయిని చకచకా తీరుస్తూ కార్బన్ డయాక్సైడ్‌గా ఆకాశానికి పంపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మళ్ళీ సర్కారు సొమ్ముతోనే, అవే కాలువలకు అడ్డుకట్టలు కడుతున్నారు, బాక్టీరియా చేత పని మాన్పించడానికి.